చేతి మీదుగా

రాయపూర్, మోవా
6 మార్చి 2005
(దుర్గారావు బాబాయ్ చేతి మీదుగా)

మావయ్యా,

మీకూ అమ్మకూ నమస్కారాలు. ఈ ఉత్తరాన్ని మీరు ఎప్పటిలాగే పైకి చదువుతారు, అమ్మ ఎప్పటిలాగే మధ్యలో ఆపి "మల్లీ సదువు తమ్మూ" అంటుంది. అందుకే మంచి వార్త ముందు రాస్తున్నాను. మొన్న శుక్రవారం నా వైవా అయిపోయింది. ఇక నేను డాక్టర్ ఫణిశ్రీని. అమ్మకు ఇంకోసారి చదవండి.

జబల్‌పూర్ నుంచి వచ్చిన పరీక్షకుడు నలభై నిమిషాలు ప్రశ్నలు అడిగి, చివర్లో "కర్గాను రైతు కన్నా బాగా గుర్తుపడతారా మీరు?" అన్నాడు. "లేదు సార్, రైతు పీకేస్తాడు, నేను లెక్కపెడతాను" అన్నాను. మా గైడు చంద్రాకర్ సర్ నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగారు. బయటికొచ్చాక "శాబాష్ బేటీ" అన్నారు. ఏడేళ్లలో ఆయన నన్ను మెచ్చుకున్నది మూడుసార్లు. మిగతా రెండూ పొలంలో జీపు నెట్టినప్పుడు.

ఏడేళ్లూ ఏం చదివానో అమ్మకు ఇప్పటికీ తెలియదు కాబట్టి చెప్పండి: కర్గా అంటే పొలంలో వరితో పాటు అచ్చం వరిలాగే పెరిగే కలుపు. వెన్ను తీసేదాకా తేడా తెలియదు. తెలిసేసరికి గింజ నేల రాలిపోయి ఉంటుంది. ఛత్తీస్‌గఢ్ రైతుకు దీనితో తరతరాల పగ.

ఇక ముందేమిటన్నదే ఇప్పుడు ప్రశ్న. థీసిస్ రాసినన్నాళ్లూ "ఇది అయిపోనీ" అనుకుంటూ బతికాను. అయిపోయింది. పొద్దున్న లేచి ఎక్కడికి వెళ్లాలో తెలియలేదు. అలవాటు కొద్దీ యూనివర్సిటీకి వెళ్లి, లైబ్రరీ మెట్ల మీద కూర్చుని వచ్చేశాను. పీరియడ్ లెక్కన పాఠాలు చెప్పే పని ఎప్పుడూ ఉంటుంది. అది ఏప్రిల్‌లో ఆగిపోతుంది, జూలైలో మళ్లీ బతిమాలుకోవాలి.

ఇంతలో పేపర్లో ఒక ప్రకటన చూశాను. విజయనగరంలో ఒక ఎయిడెడ్ కాలేజీలో వృక్షశాస్త్రం లెక్చరర్ పోస్టు. పర్మనెంటు. జూలై ఒకటికి ముప్ఫై నాలుగు నిండకూడదు. నాకు ఆగస్టులో నిండుతాయి. అంటే ఇదొక్కటే అవకాశం, దీని తరవాత ఇలాంటివాటికి నేను పనికిరాను. వస్తే మీ దగ్గరే ఉండొచ్చు. పార్వతీపురం నుంచి రోజూ రైల్లో వెళ్లిరావచ్చు. అమ్మ కడుపునొప్పి ఎలా ఉంది? డాక్టరు ఏమన్నారో వివరంగా రాయండి, "పరవాలేదు" అని రాయకండి.

మార్చి ఇరవై ఎనిమిది సాయంత్రం అయిదు లోపు అప్లికేషన్ ఆఫీసులో ముట్టాలి. యూనివర్సిటీ వాళ్లు ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఇరవై మూడుకు ఇస్తామంటున్నారు. పోస్టులో వేస్తే అందుతుందా?

మీ ఫణి


పార్వతీపురం
12 మార్చి 2005
(ప్రేమ్‌చంద్ చేతి మీదుగా)

చిరంజీవి డాక్టరమ్మకు,

మావయ్య సత్తిరాజు, రిటైర్డు గార్డు, టోపీ తీసి సెల్యూట్ చేస్తున్నాడు. మీ అమ్మ నీ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివించుకుంది. అయిదోసారికి నాకు కంఠతా వచ్చేసింది. "అయితే సూదులెయ్యదేటి మా పిల్ల?" అని అడిగింది. వెయ్యదప్పా, గడ్డి లెక్కపెడుతుంది అన్నాను. వీధిలో అందరికీ ఆ మాటే చెప్పుకుని మురిసిపోతోంది.

పోస్టులో వేస్తావా? ముప్ఫై ఎనిమిదేళ్లు రైలు వెనక జెండా ఊపినవాడి మేనకోడలివి, పోస్టులో వేస్తావా? ఇరవై అయిదు గుడ్ ఫ్రైడే, ఇరవై ఆరు హోలీ, ఇరవై ఏడు ఆదివారం. మీ రాయపూర్‌లో హోలీకి కొరియరువాడు తలుపు తీస్తాడా? మొహం నిండా రంగేసుకుని పడుకుంటాడు. కవరు దుర్గారావు చేతిలో పెట్టు. టిట్లాగఢ్‌లో అతను దిగుతాడు, ప్రేమ్‌చంద్ ఎక్కుతాడు, నేను పార్వతీపురం ప్లాట్‌ఫారం మీద ఉంటాను. మీ అమ్మ పెళ్లి శుభలేఖలు ఇలాగే వెళ్లాయి. మీ నాన్న రాయపూర్ వర్క్‌షాపులో పోయిన కబురు ఇలాగే వచ్చింది, టెలిగ్రాం కన్నా ముందు. ఈ లైను మీద గార్డు చేతికిచ్చిన కాగితం పోయిందన్న మాట నేను వినలేదు. ఇరవై ఎనిమిదిన నేనే విజయనగరం వెళ్లి ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకుంటాను.

ఫోన్ చేయకు. ఎడమ చెవి ఎప్పుడో బ్రేకు వ్యాను రొదకు ఇచ్చేశాను. కుడి చెవికి నీ మాటల్లో సగమే అందుతాయి, ఆ సగంతో మీ అమ్మకు నేను కథలల్లాల్సి వస్తుంది. ఉత్తరమే నయం.

మీ అమ్మ అప్పుడే నీ గది సర్దించింది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నువ్వు ఏ బండికి వెళ్తావో, కారియర్లో ఏం పెట్టాలో కూడా తేల్చేసింది. కడుపులో గడ్డ ఉందన్నారు. వైజాగ్ తీసుకెళ్లమన్నారు. (ఇది ఆమెకు చదవలేదు. కాగితం తిప్పేటప్పుడు దగ్గాను.)

ఆశీస్సులతో
మావయ్య


రాయపూర్
2 ఏప్రిల్ 2005
(ప్రేమ్‌చంద్ చేతి మీదుగా)

మావయ్యా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. దుర్గారావు బాబాయ్ గురించి మీకు నాకన్నా ముందే తెలిసి ఉంటుంది. ఇరవై నాలుగు సాయంత్రం స్టేషన్లో నా చేతిలోంచి కవరు తీసుకున్నాడు. లక్క సీలు మీద వేలు పెట్టి "ఇదేమైనా కలెక్టరు ఆర్డరా?" అని నవ్వాడు. మర్నాడు టిట్లాగఢ్‌లో గుండెపోటుతో పోయాడంటే నమ్మబుద్ధి కావడం లేదు.

నిన్న రైల్వే కాలనీలో వాళ్లింటికి వెళ్లాను. ఆండాళమ్మ పిన్ని గోడకు ఆనుకుని కూర్చుంది. నన్ను చూసి "నువ్వేనా అమ్మా" అని మాత్రం అంది. వాకిట్లో ఆయన హోలీకని తెచ్చిపెట్టిన రంగు పొట్లాలు అలాగే ఉన్నాయి. నా కవరు ఏమైందో అడగాలని వెళ్లాను మావయ్యా, అబద్ధం ఎందుకు? ఆమె ముందు నిలబడ్డాక నోరు రాలేదు. సిగ్గుపడి వచ్చేశాను.

మిమ్మల్నే అడుగుతున్నాను. కవరు అందిందా? అందకపోతే చెప్పండి, నేను తట్టుకుంటాను. దాన్నిబట్టి ఇంకేదైనా చూసుకుంటాను.

అమ్మను వైజాగ్ ఎప్పుడు తీసుకెళ్తున్నారు?

ఫణి


పార్వతీపురం
9 ఏప్రిల్ 2005
(ప్రేమ్‌చంద్ చేతి మీదుగా)

ఫణికి ఆశీస్సులు.

కవరు అందింది. ఇరవై ఎనిమిదిన విజయనగరం ఆఫీసులో ఇచ్చాను. రసీదు నా ట్రంకు పెట్టెలో భద్రంగా ఉంది. నువ్వు దిగులు పెట్టుకోకు.

దుర్గారావు మంచివాడు. నా దగ్గరే పని నేర్చుకున్నాడు.

వైజాగ్ వెళ్లి వచ్చాం. మళ్లీ రమ్మన్నారు. మీ అమ్మ గంజి తాగుతోంది. నిన్ను అడిగానని రాయమంటోంది.

మావయ్య


రాయపూర్, మోవా
14 మే 2005
(ప్రేమ్‌చంద్ చేతి మీదుగా)

ప్రియమైన మావయ్యకూ, పక్కన కూర్చుని వింటున్న అమ్మకూ,

మీ పోయిన ఉత్తరం టెలిగ్రాంలా ఉంది. బాబాయ్ పోయిన దిగులని అర్థమైంది. కానీ మీరు నవ్వించకపోతే నాకు ఉత్తరం వచ్చినట్టే ఉండదు.

ఇక్కడ ఎండ మండిపోతోంది. మా ఇంటావిడ "కూలర్ కే ఆగే బైఠ్ నోనీ, దిమాగ్ పిఘల్ జాహీ" అని, కూలరు ముందు కూర్చోమని, రోజుకు నాలుగుసార్లు కేకేస్తుంది. నా మెదడు ఆల్‌రెడీ కరిగే ఉందని ఆవిడకు తెలియదు. ఎందుకో చెబుతాను.

చంద్రాకర్ సర్‌కు ఒక ప్రాజెక్టు మంజూరైంది. మూడేళ్లు. ఊరూరా తిరిగి, రైతుల ఇళ్లలో మిగిలిన పాత వరి రకాలు సేకరించి, పేరు, గుణం రాసి భద్రపరచాలి. "బేటీ, పహలా నామ్ తుమ్హారా హీ లిఖా హై" అన్నారు. నా పేరే మొదట రాశారట. మావయ్యా, ఈ పని కోసమే నేను పుట్టానేమో అనిపించింది ఆ నిమిషం. ధమ్తరి వైపు ఒక ముసలమ్మ తన దగ్గర పద్దెనిమిది రకాల విత్తనాలు కుండల్లో ఉన్నాయని నాతో చెప్పింది. ఆమె పోతే కుండలు ఎవరు తెరుస్తారు?

చిక్కేమిటంటే జూన్ పదిలోపు చేరాలి, చేరితే మూడేళ్లూ వదలనని రాసివ్వాలి. విజయనగరం ఇంటర్వ్యూ జూన్ ఆఖరులో ఉంటుందంటున్నారు. రెండు పడవల మీద కాళ్లు పెట్టలేను. ఒకటి పర్మనెంటు, అమ్మ దగ్గర. ఇంకోటి నా మనసుకు నచ్చింది, మూడేళ్ల తరవాత గాలికి.

నా మనసు ఎటు మొగ్గుతోందో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. మొన్న పండరీ బట్టల బజారుకు వెళ్లి, టోకు దుకాణంవాడు ఒక్క చీర అమ్మనంటే గంటసేపు పోట్లాడి, ఇంటర్వ్యూకని లేత నీలం నూలు చీర కొనుక్కున్నాను. అయినా అమ్మ ఏమంటుందో, మీరేమంటారో రాయండి. మీరు చెప్పినట్టే చేస్తాను.

ఫణి


పార్వతీపురం
23 మే 2005
(ప్రేమ్‌చంద్ చేతి మీదుగా)

ఫణికి,

మీ అమ్మ చెబుతోంది, నేను రాస్తున్నాను.

"ఊరూరా తిరిగి ఇత్తనాలేరుకోడానికేటమ్మా ఇన్నేళ్లు సదివినావు? మావయ్య సేత్తో ఇచ్చీసినాడు కదా. ఉజ్జోగం వొస్తాది. నాకు తెల్సు. వొచ్చీ. నేనున్నన్నాళ్లు నా కళ్ల ముందర తిరుగు. నీ సీర రంగు బాగున్నాది, నాకు సూపించు."

ఆమె చెప్పింది ఇంతే. రాసింది రాసినట్టు చదివి వినిపించాను. కాగితం మీద చేయి పెట్టి కళ్లకద్దుకుంది.

మావయ్య

(అంచున, సన్నటి అక్షరాలతో) ఫణీ, చేతిలో ఉన్నదాన్ని వదులుకోకు. ప్రాజెక్టులో చేరు.


రాయపూర్
4 జూన్ 2005
(ప్రేమ్‌చంద్ చేతి మీదుగా)

మావయ్యగారికి,

ఈ మొదటి కాగితం మీరొక్కరే చదువుకోండి. అమ్మకు రెండోది చదవండి.

అంచున రాసిన వాక్యాన్ని పదిసార్లు చదివాను. అమ్మ రమ్మంటోంది, మీరు అమ్మకు తెలియకుండా రావద్దంటున్నారు. ఎందుకో అర్థం కాలేదు. ఆ తరవాత అర్థమైనట్టే ఉంది. నాన్న పోయినప్పటి నుంచీ అమ్మనూ నన్నూ మీరే సాకారు. అత్త పోయింది, పిల్లలు లేరు, రిటైరయ్యాకైనా ఊపిరి తీసుకుందామనుకుంటే జబ్బు మనిషి మీద పడింది. ఇప్పుడు నేను కూడా వచ్చి చేరితే గోరుచుట్టు మీద రోకటిపోటే. ఆ మాట సూటిగా రాస్తే నేనేమీ అనుకునేదాన్ని కాదు. అంచున రాశారు చూడండి, అదే గుచ్చుకుంది.

ప్రాజెక్టు వద్దని నిన్న చంద్రాకర్ సర్‌తో చెప్పేశాను. "సోచ్ లియా?" అన్నారు. ఆలోచించానన్నాను. మీకు భారం కాకుండా విజయనగరంలో గది తీసుకుని, ఆదివారాలు అమ్మను చూసి వెళ్తాను.

ఫణి

(రెండో కాగితం)

అమ్మా, వస్తున్నానే. నీలం చీర కట్టుకుని వచ్చి నీ ముందు నాలుగుసార్లు తిరుగుతాను. గంజి పారబోయకుండా తాగు.


పార్వతీపురం
13 జూన్ 2005
(ప్రేమ్‌చంద్ చేతి మీదుగా)

అమ్మా ఫణీ,

నువ్వు నాకు భారమా? ఆ మాట ఎలా రాశావమ్మా? నీకు సైకిల్ నేర్పిన చేతుల్తో ఈ కాగితం పట్టుకున్నాను.

ఇంతకన్నా రాయలేను. మీ అమ్మ పక్కనే ఉంది. కాగితాలు ఎన్నో వేళ్లతో తడిమి చూసుకుంటోంది, మొన్న ఒకటి తక్కువ చదివానని పట్టేసింది.

మావయ్య


రాయపూర్, మోవా
30 అక్టోబర్ 2005
(ప్రేమ్‌చంద్ చేతి మీదుగా)

మావయ్యా,

క్షేమంగా చేరాను. ఇప్పుడు ఉత్తరం రాస్తుంటే "అమ్మకు చదవండి" అని చేయి దానంతటదే రాయబోతోంది. అమ్మ పోయాక పన్నెండు రోజులూ మీ పక్కనే ఉన్నా మనం ఏమీ మాట్లాడుకోలేదు. మీరు మొహం చాటేస్తున్నట్టు అనిపించింది. జూన్‌లో నేను రాసిన మాటలకేనా? అవి మరిచిపోండి. నీలం చీర అమ్మ మీద కప్పినప్పుడు మీరు బయటికెళ్లి వాకిట గచ్చు మీద కూర్చుని ఏడ్చారు. అప్పుడే నా కోపమంతా పోయింది.

విజయనగరం సంగతి తెలిసింది. ఆ పోస్టు మురళీమోహన్ అనే అతనికి వచ్చిందట. నన్ను ఇంటర్వ్యూకు కూడా పిలవలేదు. అమ్మ ఆఖరి రోజు దాకా "కాయితం వొచ్చిందేటి?" అని అడుగుతూనే ఉందని పక్కింటి కొండలరావుగారు చెప్పారు. ఆ అడగడమే నన్ను తినేస్తోంది.

ఎందుకు పిలవలేదా అని రోజుల తరబడి ఆలోచించాను. నా మార్కులు, నా డిగ్రీ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్లికేషన్ గడువులోపు అందింది, రసీదు ఉంది. మిగిలింది ఒక్కటే. అభిప్రాయం అడగడానికి నేనిచ్చిన పేరు చంద్రాకర్ సర్‌ది. ప్రాజెక్టు వద్దన్నానని ఆయన మనసులో పెట్టుకుని నా గురించి చెడ్డగా రాసి ఉండాలి.

పోయిన మంగళవారం వెళ్లి అడిగేశాను. గదిలో ఇద్దరు విద్యార్థులు, ఒక క్లర్కు ఉన్నారు. అందరి ముందూ అడిగాను. "ఏడేళ్లు మీ పొలాల్లో ఎండలో తిరిగాను, దానికి ఇదా బహుమానం?" అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. కిటికీ వైపు తిరిగారు. అది చూసి నా అనుమానం నిజమే అనుకున్నాను.

నా స్థానంలో చేరిన అమ్మాయి ధమ్తరి వెళ్లిందట. ముసలమ్మ కుండలన్నీ తెరిచి చూపించిందట.

నేనిప్పుడు ఏమీ ఆలోచించడం లేదు. థీసిస్‌ను మంచం కింద పెట్టాను. చదువుకున్న చదువు నాకు సరిపోలేదేమో, నేను దానికి సరిపోలేదేమో.

ఫణి


పార్వతీపురం
19 జనవరి 2006
(రిజిస్టర్డు పోస్టులో)

ఫణీ,

ఈ ఉత్తరాన్ని ఎవరికీ చదివి వినిపించలేదు. ఉత్తరం పంపడానికి స్టాంపు కొనడం నా బతుకులో ఇదే మొదటిసారి. ఎక్కడ అంటించాలో పోస్టాఫీసు గుమస్తా చూపించాడు. మన గార్డుల్లో ఎవరి చేతికీ దీన్ని ఇవ్వలేకపోయాను.

దీనితో పాటు ఉన్న కవరు చూసే ఉంటావు. నువ్వు లక్క సీలు వేసి దుర్గారావుకు ఇచ్చిన కవరే. సీలు చెక్కుచెదరలేదు. అది ఏ ఆఫీసుకూ వెళ్లలేదు. రసీదు అన్నది లేదు. నీ గురించి ఎవరూ చంద్రాకర్‌గారిని ఏమీ అడగలేదు, ఆయన ఏమీ రాయలేదు. ఆ పెద్దమనిషికి ఏ పాపమూ తెలియదు. పాపమంతా నాది.

జరిగింది చెబుతాను. గార్డుకు లైన్ పెట్టె ఒకటి ఉంటుంది, జెండాలూ దీపమూ పెట్టుకునేది, నీకు తెలుసు. చిన్నప్పుడు దాని మీద కూర్చుని అన్నం తినేదానివి. మామూలుగా ఇలాంటి కవర్లు భుజం సంచిలో వేసుకుంటాం. దుర్గారావు నీ లక్క సీలు చూసి, ముఖ్యమైనదని, లైన్ పెట్టెలో పెట్టి తాళం వేశాడు. జాగ్రత్త ఎక్కువై చేసిన పని. టిట్లాగఢ్‌లో దిగగానే నొప్పి వచ్చింది. ఆస్పత్రికి తీసుకెళ్లారు. పెట్టె గార్డులు పడుకునే రన్నింగ్ రూములో ఉండిపోయింది.

ప్రేమ్‌చంద్ ఖాళీ చేతులతో దిగి కబురు చెప్పాడు. ఇరవై ఆరున నేను టిట్లాగఢ్ వెళ్లాను. పెట్టె గోడవారగా ఉంది. ఇత్తడి తాళం. చెవి దుర్గారావు చొక్కా జేబులో ఉంది. ఆ చొక్కాను ఒళ్లో పెట్టుకుని ఆండాళమ్మ ఆస్పత్రి వరండాలో కూర్చుంది. ఆమె దగ్గరికి రెండుసార్లు వెళ్లాను. రెండోసారి నా చేయి పట్టుకుని "అన్నయ్యా, ఆయన కోసం ఇంత దూరం వచ్చేరా మీరు" అని ఏడ్చింది. నేను వచ్చింది కవరు కోసం. ఆ మాట తరవాత తాళంచెవి ఎలా అడగను? అడగలేదు. సాయంత్రం బండికి తిరిగి వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి మీ అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ఇరవై ఎనిమిది గడిచేదాకా రోజూ అడిగింది. ఆ సాయంత్రం "ఇచ్చీసినావేటి తమ్మూ?" అంది. వైజాగ్ డాక్టరు ఆరు నెలలని అప్పటికే నాతో చెప్పాడు. "ఇచ్చేశానప్పా" అన్నాను. ఆ రాత్రి వారం రోజుల తరవాత గంజి పూర్తిగా తాగింది.

ఆ తరవాత నీకు నిజం రాయాలంటే ఆమె పక్కన కూర్చుని రాయాలి, రాసింది ఆమెకు చదవాలి. మీ అమ్మకు అక్షరం రాదు గాని కాగితం వాసన పట్టేస్తుంది. అంచున ఒక్క వాక్యం రాయగలిగాను. నా ధైర్యం అంతవరకే. నువ్వు దాన్ని ఇంకోలా అర్థం చేసుకున్నావు. అప్పుడైనా ప్లాట్‌ఫారం మీద నిలబడి రాసి పంపాల్సింది. పంపలేదు. ఒక అబద్ధం ఆడినవాడు రెండోది ఆడకుండా ఉండలేడు.

దుర్గారావు పదకొండో రోజున రాయపూర్ వచ్చి, అప్పటికి ఇంటికి చేరిన పెట్టె తెరిపించి, ఆండాళమ్మ దగ్గర కవరు తీసుకున్నాను. నీకు చెప్పవద్దని దండం పెట్టాను. నీ ఊళ్లోకి వచ్చి నిన్ను చూడకుండా వెళ్లిపోయాను. అమ్మ పోయాక నువ్వు పన్నెండు రోజులు పడుకున్న మంచం కిందే ట్రంకు పెట్టె ఉంది, దాన్లో ఈ కవరు ఉంది.

విజయనగరం ఉద్యోగం దుర్గారావు చావుతో పోయింది. దానికి ఎవరినీ అనలేం. నీకిష్టమైన ప్రాజెక్టును మాత్రం నేను పోగొట్టాను. ఏప్రిల్‌లో నిజం రాసి ఉంటే జూన్‌లో నువ్వు దాన్లో చేరేదానివి. నీ పొలాల్లో ఆ కలుపు ఉంటుందే, వెన్ను తీసేదాకా వరిలాగే ఉంటుందన్నావు, నా మాట అలాంటిది. నీ పంటంతా తినేసింది.

చంద్రాకర్‌గారికి నేనే రాద్దామనుకున్నాను. ముప్ఫై ఏళ్లు హిందీ మాట్లాడానే గాని రాయడం నేర్చుకోలేదు.

తిట్టు తల్లీ. కానీ ఉత్తరంలో తిట్టు. ఊరుకోకు.

సత్తిరాజు


రాయపూర్, మోవా
20 ఆగస్టు 2006
(ప్రేమ్‌చంద్ చేతి మీదుగా)

మావయ్యా,

ఏడు నెలలు ఊరుకున్నాను. నాలుగు ఉత్తరాలు రాసి చింపేశాను. నాలుగోది చాలా బాగా వచ్చింది, అది చదివి ఉంటే మీరు బతికేవారు కాదు. అందుకే చింపాను.

ముందు చంద్రాకర్ సర్ దగ్గరికి వెళ్లాను. "ఆయియే మేడమ్, బైఠియే" అన్నారు, రండి కూర్చోండని. ఏడేళ్లు బేటీ అని పిలిచిన మనిషి. జరిగిందంతా చెప్పి క్షమించమన్నాను. శ్రద్ధగా విన్నారు. "ఆప్ కీ గల్తీ నహీఁ థీ" అన్నారు, తప్పు నాది కాదని. ఆయన భార్య టీ తెచ్చింది. లేచేటప్పుడు గుమ్మం దాకా వచ్చి మళ్లీ "మేడమ్" అనే అన్నారు. క్షమించారు గాని బేటీ అనే పిలుపు మాత్రం తిరిగి రాలేదు. రాదు కూడా.

తరవాత ఆండాళమ్మ పిన్ని దగ్గరికి వెళ్లాను. ఆమె చెప్పిన మాట మీకు రాయాలా వద్దా అని మూడు నెలలు ఆలోచించాను. మన ఇంట్లో దాచడం ఇక చాలని రాస్తున్నాను. "మీ మావయ్య అడిగుంటే ఆ నిమిషమే తాళంచెవి ఇచ్చేద్దునే అమ్మా. ఆయన పని ఆగిపోతే ఆయన ఆత్మకు శాంతా?" అంది.

మీరు ఈ వాక్యం దగ్గర ఆగుతారని తెలుసు. నేనూ ఆగాను. ఆ రోజంతా మీ మీద కోపంతో ఊగిపోయాను. తరవాత గుర్తొచ్చింది. పోయినేడాది ఏప్రిల్ ఒకటిన నేను కూడా ఆమె ముందు నిలబడ్డాను. కవరు సంగతి అడగాలనే వెళ్లాను. నాకూ నోరు రాలేదు. అడిగి ఉంటే ఆ రోజే నాకు నిజం తెలిసేది, ప్రాజెక్టు దక్కేది. ఇద్దరం ఒకే మనిషి ముందు ఒకే మాట మింగి వచ్చాం. అమ్మ ఉంటే "మీరిద్దరూ ఒక్క తానులో గుడ్డలే" అనేది. కాబట్టి మిమ్మల్ని తిట్టే హక్కు నాకు సగమే ఉంది. ఆ సగం కూడా ఇంకా వాడుకోలేదు. వాడుకుంటాను.

కవరు సీలు నేనే తీశాను. "ఈ ఉద్యోగం ఎందుకు కోరుతున్నారు" అన్న గడిలో "అనారోగ్యంతో ఉన్న తల్లికి దగ్గరగా ఉండటానికి" అని రాశాను. దాని మీద కాసేపు తల పెట్టుకుని పడుకున్నాను.

జూలై నుంచి మందిర్ హసౌద్‌లో కొత్తగా పెట్టిన ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. పర్మనెంటు కాదు. మోవా నుంచి రెండు బస్సులు మారాలి. దారి పొడవునా పొలాలే. నాట్లు అయిపోయాయి, అంతా ఒకే పచ్చగా ఉంది. పిల్లలను గట్ల మీదికి తీసుకెళ్లి "వీటిలో కర్గా ఏది?" అని అడిగాను. ఒక్కరూ చెప్పలేకపోయారు. నేనూ చెప్పలేనన్నాను. దసరా దాకా ఆగుదామన్నాను. అందులో ఒకమ్మాయి మాత్రం రోజూ వెళ్లి చూసి వస్తోంది. పొద్దున్న లేస్తే ఎక్కడికి వెళ్లాలో ఇప్పుడు తెలుస్తోంది. అంతవరకు వచ్చాను. సంతోషంగా ఉన్నానని రాయలేను.

నా థీసిస్ కాపీ ఒకటి మీకు పంపుతున్నాను. మొదటి పేజీలో అమ్మ పేరు, దాని కింద మీ పేరు ఉన్నాయి. ఫిబ్రవరిలో ఒక రోజు మీ పేరు కొట్టేద్దామని పెన్ను తీశాను. సిరా చుక్క ఒకటి పడింది, కనిపిస్తుంది మీకు. కొట్టేయలేదు.

దీన్ని ప్రేమ్‌చంద్ చేతికే ఇస్తున్నాను. భుజం సంచిలోనే పెట్టుకోమన్నాను. మీరు ప్లాట్‌ఫారం మీదికి రండి. ఇంటికి తీసుకెళ్లి పైకి చదవండి, మావయ్యా. ఒక్కరే ఉన్నా పైకి చదవండి. అమ్మ ఆపమనేచోట ఆగి, మళ్లీ చదవండి.

ఫణి